పది అడుగుల ఫ్లెక్సీ, నాలుగు వాక్యాల ఆర్డరు

ప్రొద్దుటూరు నగల ప్రకటనకో, జమ్మలమడుగు చీర అంచుకో, పులివెందుల చీనీ పెట్టెకో ఏఐతో బొమ్మ గీయించాలంటే ఏ మాట రాయాలి? ఏ అంకె రాయాలి? ఏ పని యంత్రం చేతికి ఇవ్వకూడదు?

ఏఐ సాధనాలు ఇచ్చే బొమ్మ చాలాసార్లు 1024 పిక్సెళ్ల వెడల్పే ఉంటుంది. సెల్‌ఫోన్‌లో చూస్తే కళ్లు జిగేల్‌మంటాయి. దాన్నే 10 అడుగుల ఫ్లెక్సీ మీదికి ఎక్కిస్తే 120 అంగుళాల పొడవునా ఆ 1024 పిక్సెళ్లనే పంచాలి, అంటే అంగుళానికి ఎనిమిదిన్నర. నగల మీది రాళ్లు మసకబారతాయి, అమ్మవారి కళ్లు చెదురుతాయి, తెలుగు అక్షరాల ఒత్తులు ఎటో పోతాయి. తప్పు ప్రింటరుది అనుకుంటాం. నిజానికి తప్పు అంతకుముందే, ఆర్డరు రాసినప్పుడే జరిగిపోయి ఉంటుంది.

ఆ ఆర్డరునే ప్రాంప్ట్ అంటున్నాం. ప్రొద్దుటూరులో నగ చేయించేవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. ఆచారి దగ్గర కూర్చుని "బాగా చెయ్యప్పా" అని చెప్పి ఎవరూ లేచి రారు. ఎన్ని తులాలు, ఎన్ని వరసలు, ఏ రాయి, కొక్కెం ఎటువైపు అన్నీ చెబుతారు. ఏఐకి రాసేటప్పుడు మాత్రం అదే మనుషులు "అద్భుతంగా ఉండాలి" అని ఒక ముక్క రాసి ఊరుకుంటున్నారు. ఆ ఒక్క ముక్కతో పని ఎందుకు జరగదో అంకెలతో చూద్దాం.

585 కోట్ల బొమ్మలు, 40 శాతం ఇంగ్లీషు

2021 జనవరిలో ఓపెన్‌ఏఐ సంస్థ క్లిప్ అనే నమూనాను ప్రకటించింది. ఇంటర్నెట్‌లో దొరికిన 40 కోట్ల బొమ్మలనూ, వాటి పక్కన రాసి ఉన్న వాక్యాలనూ జతలుగా చూపించి, ఏ మాటకు ఏ బొమ్మ పొసగుతుందో దానికి నేర్పారు. 2022 మార్చిలో లయాన్-5బి అనే ఇంకా పెద్ద సేకరణ వచ్చింది. అందులో 585 కోట్ల జతలున్నాయి. సుమారు 232 కోట్లకు ఇంగ్లీషు వాక్యాలు, 226 కోట్లకు నూరుకు పైగా ఇతర భాషల వాక్యాలు, మిగిలిన 127 కోట్లకు ఏ భాషో తేల్చలేని పేర్లు, సంకేతాలు. ఒక్క ఇంగ్లీషుదే దాదాపు 40 శాతం. ప్రపంచంలోని మిగతా భాషలన్నీ కలిసినా దాన్ని దాటలేదు. 2022 ఆగస్టులో అందరి చేతికీ వచ్చిన, బొమ్మలు గీసే నమూనా స్టేబుల్ డిఫ్యూజన్ ప్రధానంగా ఈ సేకరణలోని ఇంగ్లీషు భాగంతోనే చదువుకుంది.

మనకు దీని ఫలితం స్పష్టంగానే కనిపిస్తుంది. "భారతీయ పెళ్లికూతురు" అని అడిగితే ఉత్తరాది లెహంగా, ముక్కుకు పెద్ద నథ్ వచ్చేస్తాయి. పాపిటబిళ్ల, వడ్డాణం, పూలజడ కావాలంటే విడిగా చెప్పాలి. చెప్పినా పేరు ఒక్కటే చాలదు. వడ్డాణం అనే పేరుకు జతగా యంత్రం చూసిన బొమ్మలు కొన్నే అయితే, అది నడుముకు ఏదో ఒక బెల్టు తగిలిస్తుంది. "నడుముకు బిగుతుగా పట్టే వెడల్పాటి బంగారు పట్టీ, మధ్యలో లక్ష్మీ బిళ్ల, అంచుల్లో ఎర్రరాళ్ల వరస" అంటే, పేరు తెలియకపోయినా రూపం పట్టుకుంటుంది. పేరు రాయండి, దాని పక్కనే రూపమూ రాయండి. మన ప్రాంతపు వస్తువు ఏదైనా ఇదే పద్ధతి.

77 ముక్కలు, 36 బైట్లు

యంత్రం మన వాక్యాన్ని మాటలుగా చదవదు, టోకెన్లు అనే చిన్న ముక్కలుగా కోసుకుంటుంది. క్లిప్‌ను వాడే తొలి స్టేబుల్ డిఫ్యూజన్ ఒకసారికి 77 టోకెన్లే తీసుకుంటుంది. మొదటిదీ చివరిదీ గుర్తుల కోసం పోతే మనకు మిగిలేవి 75. అంతకు మించి ఎంత రాసినా తోక తెగిపోతుంది.

ఈ లెక్కలో తెలుగుకు పడే భారం చూడండి. "ప్రొద్దుటూరు" అనే మాటలో కంటికి కనిపించే అక్షరాలు నాలుగు: ప్రొ, ద్దు, టూ, రు. యూనికోడ్‌లో ఇవి హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా కలిపి 12 సంకేతాలు. కంప్యూటరు ఒక్కో తెలుగు సంకేతాన్ని 3 బైట్లలో దాచుకుంటుంది కాబట్టి మొత్తం 36 బైట్లు. ఇదే పేరు ఇంగ్లీషు లిపిలో 9 అక్షరాలు, 9 బైట్లు. జమ్మలమడుగు, పులివెందుల చెరో 30 బైట్లు. తెలుగును ఎరగని పాత నమూనా ఈ బైట్లను చిన్న చిన్న తునకలుగానే మింగుతుంది. మూడు ఊళ్ల పేర్లు తెలుగులో రాస్తే, బొమ్మ సంగతి మొదలుకాకముందే సంచి నిండిపోయే ప్రమాదం ఉంది.

కొత్త సాధనాల్లో ఈ ఇరుకు చాలావరకు పోయింది. ఓపెన్‌ఏఐ తన బొమ్మల నమూనాల్లో ఒక ప్రాంప్ట్‌కు పెట్టిన హద్దు డాల్-ఈ 2కు 1,000 అక్షరాలైతే, డాల్-ఈ 3కి 4,000, 2025లో వచ్చిన జీపీటీ ఇమేజ్-1కి 32,000. చాట్‌జీపీటీ, జెమినై వంటివి తెలుగులో రాసినా అర్థం చేసుకుంటున్నాయి. డాల్-ఈ 3 అయితే మనం రాసిన మాటను తనంతట తానే పెంచి రాసుకుని ఆ తర్వాత బొమ్మ గీసేది. అందువల్ల ఇప్పుడు కరువు చోటుకు లేదు, తేటదనానికి ఉంది. మనం చెప్పకుండా వదిలిన ప్రతి ఖాళీనీ యంత్రం తన అలవాటుతో నింపుతుంది. ఆ అలవాటు ఎక్కడిదో పైన చూశాం.

12 మాటల్లో ఒక్కటి

ఇప్పుడొక ప్రాంప్ట్‌ను తూచి చూద్దాం. "ప్రొద్దుటూరు నగల దుకాణానికి అద్భుతమైన, అత్యంత అందమైన, రాజసం ఉట్టిపడే, ప్రపంచ స్థాయి దసరా పోస్టర్."

మొత్తం 12 మాటలు. "అద్భుతమైన" నుంచి "స్థాయి" దాకా 7 మాటలు పొగడ్తలే. తయారైన బొమ్మ మీద వేలు పెట్టి "ఇదిగో ఇదే" అని చూపించగలిగిన మాట ఒక్కటే ఉంది, నగలు. ఆ నగ కమ్మలో హారమో తెలియదు, ఒకటో పదో తెలియదు. రాజసాన్ని వేలితో చూపగలమా? ప్రపంచ స్థాయిని?

ప్రాంప్ట్ పరీక్షకు ఇంతకంటే తేలికైన గీటురాయి లేదు. రాసిన ప్రతి మాట దగ్గరా ఆగి, బొమ్మలో దీన్ని ఎక్కడ చూపిస్తానని అడగాలి. చూపలేని మాటను తీసేసి, దాని వెనక మన మనసులో ఉన్న వస్తువునో, రంగునో, వెలుగునో రాయాలి. "రాజసం" అన్నప్పుడు మనసులో మెదిలింది ముదురు ఎరుపు పట్టుబట్టా? ఎత్తైన రాతి స్తంభమా? అదే రాయండి. "పండగ వాతావరణం" అన్నప్పుడు మనసులో ఉన్నది బంతిపూల తోరణం, ఇత్తడి దీపం అయితే ఆ రెండింటినీ పేరుపెట్టి పిలవండి.

నాలుగు వాక్యాలు

పనికొచ్చే డిజైన్ ప్రాంప్ట్‌కు నాలుగు వాక్యాలు చాలు. మొదటి వాక్యం ఏమిటి, ఎన్ని అనేవాటికి. రెండోది ఎక్కడ, ఎంత భాగం అనేవాటికి. మూడోది వెలుగు, రంగు, చూసే కోణానికి. నాలుగోది బొమ్మ ఆకారానికీ, ఎక్కడ వాడతామన్నదానికీ. పైన తూచిన పోస్టరునే ఈ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

"నల్లటి నాపరాయి బల్ల మీద ఒకే ఒక్క బంగారు కాసులపేరు, లక్ష్మి బొమ్మ ఉన్న గుండ్రటి కాసులు ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా గుచ్చిన పొడవాటి హారం. హారం బొమ్మలో కుడివైపు మూడింట రెండు వంతుల్లో ఉండాలి, ఎడమవైపు మూడో వంతు ముదురు ఎరుపు రంగు ఖాళీ గోడ. వెలుగు ఎడమ పైనుంచి మాత్రమే, సాయంత్రపు లేత పసుపు రంగులో; కెమెరా బల్ల ఎత్తులో, దగ్గరగా. అడ్డం ఫోటో, 3:2 నిష్పత్తి, దుకాణం ఫ్లెక్సీకి; బల్ల, హారం, గోడ మాత్రమే."

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అంకెలు, భాగాలు, దిక్కులు ఉన్నాయి. ఎడమ మూడో వంతు ఖాళీగా ఉంచింది దుకాణం పేరు, చిరునామా, పండగ శుభాకాంక్షలు తర్వాత డీటీపీలో ఎక్కించడానికి. ప్రకటన డిజైన్‌లో ఈ ఖాళీయే అన్నిటికంటే విలువైన చోటు. అడగకపోతే యంత్రం దాన్ని మిగల్చదు, బొమ్మంతా పూలతోనో దీపాలతోనో నింపేస్తుంది.

ఎన్ని వస్తువుల దాకా లెక్క తప్పదు?

2025 మార్చిలో చాట్‌జీపీటీలో కొత్త బొమ్మల సదుపాయం పెట్టినప్పుడు ఓపెన్‌ఏఐ ఒక పోలిక చెప్పింది. మిగతా వ్యవస్థలు 5 నుంచి 8 వస్తువుల దగ్గరే తడబడతాయనీ, తమది 10 నుంచి 20 వస్తువుల దాకా వాటి లక్షణాలు కలగాపులగం కాకుండా చూసుకోగలదనీ. అమ్మేవాళ్ల మాట అది. అందులో సగాన్నే నమ్ముకుని డిజైన్ వేసుకోవడం మేలు. ఒక బొమ్మలో వేర్వేరు వస్తువులు నాలుగైదు మించకుండా చూసుకోండి. ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో దసరా రోజుల్లో అమ్మవారికి రోజుకో అలంకారం చేస్తారు. ఆ అలంకారాలన్నీ ఒకే బొమ్మలో కావాలంటే చేతుల లెక్క తప్పుతుంది, ఆయుధాలు తారుమారవుతాయి. ఒక్కో అలంకారానికి ఒక్కో బొమ్మ చేయించి, డీటీపీలో పక్కపక్కన పేర్చాలి. చేతులు, వేళ్లు, చేతిలోని వస్తువులు లెక్కపెట్టకుండా దేవుడి బొమ్మను ప్రెస్సుకు పంపనే కూడదు.

వద్దన్న మాటతోనూ ఇబ్బందే. "ఏనుగు లేకుండా" అని రాస్తే పాత నమూనాలు "ఏనుగు" అన్నదాన్నే పట్టుకుని ఏనుగును తెచ్చి నిలబెడతాయి. బొమ్మల పక్కన రాసే వాక్యాల్లో జనం ఉన్నదాని గురించే రాస్తారు, లేనిదాని గురించి రాయరు. అందుకే లేకపోవడం అంటే ఏమిటో యంత్రానికి అంతగా పట్టుబడలేదు. స్టేబుల్ డిఫ్యూజన్ వంటివాటిలో వద్దన్నవి రాయడానికి విడిగా ఒక పెట్టె ఉంటుంది. అది లేనిచోట కావలసినదాన్నే చెప్పాలి. "జనం వద్దు" అనే బదులు "ఖాళీ వీధి" అనండి. పై ప్రాంప్ట్‌లో "బల్ల, హారం, గోడ మాత్రమే" అన్నది అందుకే.

1,800 మీటర్ల లోయ, 300 అడుగుల లోయ

జమ్మలమడుగుకు దగ్గరలో, పెన్నా నది కోసిన లోయ ఒడ్డున గండికోట ఉంది. పర్యాటక ప్రకటనల్లో దీన్ని "ఇండియా గ్రాండ్ కాన్యన్" అంటుంటారు. ఆ మాట ప్రాంప్ట్‌లో రాశారా, బొమ్మ అమెరికాకు వెళ్లిపోతుంది. అరిజోనాలోని అసలు గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, గరిష్ఠ లోతు 1,800 మీటర్లకు పైనే. గండికోట లోయ లోతు సుమారు 300 అడుగులని చెబుతారు, అంటే 90 మీటర్ల చిల్లర. అరిజోనా ఫోటోలు ఇంటర్నెట్‌లో లెక్కకు మిక్కిలి కాబట్టి ఆ పేరు వినబడగానే యంత్రం పొరలు పొరలుగా ఉన్న మహా అగాధాన్ని గీసి, దాని అంచున ఎక్కడిదో రాజస్థాన్ కోట పెడుతుంది.

ఇలాంటి చోట కొలతే కాపాడుతుంది. "సన్నటి నది, రెండువైపులా నిలువుగా చీలిన ఎర్రటి బండలు, బండల ఎత్తు నాలుగైదు తాటిచెట్లంత, పైన అంచు వెంబడి ఎర్రరాతి కోటగోడ" అంటే కాస్త దగ్గరికి వస్తుంది. అయినా ఇది పోలికే, గండికోట కాదు. మాధవరాయస్వామి గుడి గోపురం, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం నిజమైన కట్టడాలు. వాటిని ఊహతో గీయించి పర్యాటక కరపత్రంలో వేస్తే చూడవచ్చినవాణ్ణి మోసగించినట్టే. నిజమైన చోటుకు నిజమైన ఫోటో వాడాలి. ఆ ఫోటోను సాధనానికి ఇచ్చి, "కట్టడాన్ని ముట్టుకోవద్దు, ఆకాశం ఖాళీగా పెంచు, అడ్డంగా 3:2 చెయ్యి" అని అడగడం ఇప్పటి జెమినై, చాట్‌జీపీటీ రెండింటిలోనూ వీలవుతుంది. వచ్చిన బొమ్మను అసలు ఫోటో పక్కన పెట్టి, గోపురం అంతస్తులు లెక్కపెట్టి సరిచూసుకోవాలి.

1024 నిలువు వరసలు, 240 కొక్కేలు

జమ్మలమడుగు, మైలవరం వైపు మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. చీర అంచుకు కొత్త డిజైన్ కోసం ఏఐని అడిగేవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్క ఒకటుంది. జకార్డు మగ్గం మీద 240 కొక్కేలు ఉంటే, గ్రాఫులో అడ్డంగా 240 గళ్లే పడతాయి. అంగుళానికి 60 పోగులైతే అది 4 అంగుళాల అంచు. ఏఐ ఇచ్చిన బొమ్మలో 1024 నిలువు వరసలున్నాయి. 1024ను 240తో భాగిస్తే నాలుగుకు కాస్త పైన. అంటే నాలుగు పిక్సెళ్ల కంటే సన్నటి గీత ఏదైనా గ్రాఫు దగ్గరికి వచ్చేసరికి మాయమవుతుంది. నెమలి ఈకల్లోని సన్నటి నూలు గీతలు, నీడలు, రంగుల జారు ఏవీ మిగలవు.

కాబట్టి అంచు డిజైన్‌కు ప్రాంప్ట్ వేరేగా ఉండాలి. "రెండే రంగులు, బంగారు రంగు, ముదురు ఆకుపచ్చ, నీడలు లేని చదును బొమ్మ, లావు గీతలు, ఒకే నెమలి, పక్కకు తిరిగి, పై అంచు కింది అంచుతో అతుకు కనపడకుండా కలిసే పునరావృత డిజైన్." రంగుల సంఖ్య చెప్పకపోతే యంత్రం వేలాది ఛాయలు వాడుతుంది. మగ్గానికి ఎన్ని రంగుల పోగు వేస్తామో అన్నే చెప్పాలి. ఆ తర్వాత గ్రాఫు గీసి అట్టలు కొట్టే మనిషి పని ఎలాగూ ఉంటుంది. ఏఐ ఇచ్చేది ఆలోచన వరకే.

చీనీ పెట్టె: ఆకుపచ్చా, నారింజా?

పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటలు, అరటి తోటలు ఎక్కువ. పెట్టె మీద అంటించే లేబుల్‌కు చీనీ బొమ్మ అడిగితే యంత్రానికి ఆ పేరు తెలియకపోవచ్చు. ఆరెంజ్ అంటే ఎర్రటి నారింజ పండ్లు కుప్ప పోస్తుంది. ఆ లేబుల్ అంటించిన పెట్టె విప్పిన వ్యాపారికి లోపల వేరే పండు కనిపిస్తుంది. మోసంబి, బత్తాయి అనే పేర్లు కలిపి రాస్తూ రూపం చెప్పాలి: "మూడు చీనీ పండ్లు, గుండ్రనివి, తొక్క ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరుగుతున్న రంగు, ఒకటి అడ్డంగా కోసింది, లోపలి తొనలు లేత పసుపు, రెండు ముదురు ఆకులు." అరటికి కూడా ఇంతే. గెల కావాలా, ఒక్క హస్తం కావాలా, హస్తంలో ఎన్ని కాయలు, పచ్చివా పండినవా చెప్పాలి. ఎగుమతి పెట్టెలో వెళ్లేది పచ్చి కాయ అయితే బొమ్మలో పసుపు అరటి పెట్టడం అబద్ధం అవుతుంది.

లేబుల్‌లో పిక్సెళ్ల బాధ మాత్రం తక్కువ. 4 × 3 అంగుళాల లేబుల్‌ను అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో అచ్చు వేయాలంటే 1200 × 900 పిక్సెళ్లు కావాలి. 1024 వెడల్పు బొమ్మ 4 అంగుళాల మీద అంగుళానికి 256 ఇస్తుంది. దాదాపు సరిపోయినట్టే.

6, 10, 14: యంత్రానికి ఇవ్వకూడని అంకెలు

బొమ్మ వేరు, రాత వేరు. 2022 నాటి స్టేబుల్ డిఫ్యూజన్ లోపల జరిగేది చూస్తే కారణం తెలుస్తుంది. 512 × 512 పిక్సెళ్ల బొమ్మలో మూడు రంగులకు కలిపి 7,86,432 విలువలుంటాయి. యంత్రం అన్నిటితో పనిచేయలేక, బొమ్మను 64 × 64 గళ్లకు, గడికి 4 విలువలకు కుదిస్తుంది. మొత్తం 16,384, అంటే 48 రెట్లు తక్కువ. ఒక్కో గడి కింద 8 × 8 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్క గడిలో సరిపోయేంత చిన్న అక్షరానికి ఒత్తు, దీర్ఘం, సున్నా విడిగా నిలబడే చోటే లేదు. దూరంగా నిలబడిన మనిషి ముఖం చెదిరిపోయేదీ ఇందుకే.

కొత్త నమూనాలు ఇంగ్లీషు రాతలో చాలా మెరుగుపడ్డాయి. కానీ 2025లో తన కొత్త సదుపాయం లోపాలు చెబుతూ, లాటిన్ కాని లిపులు రాయడంలో అది ఇబ్బంది పడుతుందని ఓపెన్‌ఏఐయే ఒప్పుకుంది. ప్రొ, ద్దు వంటి అక్షరాలున్న మన లిపికి ఆ హెచ్చరిక అచ్చంగా వర్తిస్తుంది. అందుకే తెలుగు రాతను డీటీపీలోనే ఎక్కించాలి. మన ఊళ్లలో డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్లు ఉండనే ఉన్నాయి. యూనికోడ్‌లో కావాలంటే సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామరాజ, సురన్న, పెద్దన, తిమ్మన, గిడుగు, ధూర్జటి వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

అంకెల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఫోన్ నంబరుకు 10 అంకెలు. ఆహార ఉత్పత్తుల మీది ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్యకు 14 అంకెలు. హాల్‌మార్క్ నగ మీద 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన హెచ్‌యూఐడీకి అక్షరాలు, అంకెలు కలిపి 6 స్థానాలు. యంత్రం వీటిని చూసి రాయదు, చూడ్డానికి అలా ఉండేలా గీస్తుంది. ఒక్క అంకె మారినా ఆ ఫోన్ వేరేవాళ్ల ఇంట్లో మోగుతుంది. బొమ్మలో ఎక్కడైనా 916 అనే బంగారు స్వచ్ఛత ముద్రలాంటిది తనంతట తానే వచ్చి కూర్చుందేమో కూడా చూసి చెరిపేయాలి.

ప్రింటుకు ముందు చేసే లెక్క

ఫ్లెక్సీ కొలతను ప్రాంప్ట్ రాసేముందే తెలుసుకోండి. జీపీటీ ఇమేజ్-1 అడ్డం బొమ్మ 1536 × 1024, అంటే 3:2. 6 × 4 అడుగుల ఫ్లెక్సీ కూడా సరిగ్గా 3:2, ఏమీ కోయాల్సిన పనిలేదు. 10 × 8 అడుగులైతే 5:4. 1536 వెడల్పులో 1280 మాత్రమే వాడగలం, ఆరో వంతు కత్తెర పాలు. అందుకే ముఖ్యమైనదేదీ అంచుల్లో పెట్టవద్దని ప్రాంప్ట్‌లోనే చెప్పాలి.

దగ్గర నుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి 72 పిక్సెళ్లు ఉంటే బాగుంటుంది. 1536 వెడల్పు బొమ్మను 6 అడుగుల మీద పరిస్తే 21 మాత్రమే. అప్‌స్కేలింగ్ సాధనంతో నాలుగు రెట్లు పెంచితే 6144 పిక్సెళ్లు, అంగుళానికి 85. 10 అడుగులకు 1280ని నాలుగు రెట్లు పెంచితే 43 దగ్గర ఆగుతుంది. రోడ్డు అవతలి నుంచి చూసే హోర్డింగుకు అది చాలు, దుకాణం గుమ్మం పక్కన కట్టేదానికి చాలదు. స్క్రీన్ మీది రంగు వెలుగుతో పుడుతుంది, ఫ్లెక్సీ మీది రంగు నాలుగు సిరాలతో పుడుతుంది. మెరిసే నీలం, నియాన్ ఆకుపచ్చ అచ్చులో చప్పబడతాయి. బంగారం రంగు మట్టి రంగులోకి దిగకుండా ముందు ఒక అడుగు ముక్క నమూనా తీయించుకోండి. 10 × 8 ఫ్లెక్సీ అంటే 80 చదరపు అడుగులు. మీ ఊళ్లో చదరపు అడుగు ధరను 80తో గుణిస్తే తప్పు ప్రాంప్ట్ ఖరీదు ఎంతో తేలుతుంది.

రెండు గోడలు, మూడు వెలుగులు

మొదటి బొమ్మ నచ్చకపోతే చాలామంది ప్రాంప్ట్ మొత్తం చెరిపి కొత్తగా రాస్తారు. ఏ మాటకు ఏం మారిందో అప్పుడు ఎప్పటికీ తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. గోడ రంగు రెండు రకాలు, వెలుగు మూడు రకాలు అనుకుంటే 2 × 3, ఆరు బొమ్మలు. ఆరింటినీ పక్కపక్కన పెట్టుకుంటే దుకాణం యజమాని కూడా వేలు పెట్టి "ఇది" అనగలుగుతాడు. స్టేబుల్ డిఫ్యూజన్ వాడేవాళ్లు సీడ్ అనే సంఖ్యను మార్చకుండా ఉంచితే బొమ్మ కూర్పు చాలావరకు అలాగే ఉండి, మార్చిన మాట ప్రభావం ఒక్కటే కనిపిస్తుంది. చాట్‌లో అడిగేవాళ్లు "మిగతాదంతా ఇలాగే ఉంచి, గోడను మాత్రం పచ్చ రంగుకు మార్చు" అని అడగాలి. పని కుదిరిన ప్రాంప్ట్‌ను తారీఖు వేసి దాచుకోండి. వచ్చే దసరాకు అందులో రెండు మాటలు మారిస్తే చాలు.

10 లక్షల జరిమానా

బొమ్మ బాగా రావడం ఒక ఎత్తు, అది నిజం కావడం ఇంకొక ఎత్తు. దుకాణంలో లేని నగను ఏఐతో గీయించి "మా దగ్గర దొరుకును" అని వేస్తే అది తప్పుదారి పట్టించే ప్రకటన అవుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటివాటికి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. అసలు నగ ఫోటో తీసి, వెనక గోడను, వెలుగును మాత్రమే ఏఐతో మార్పించుకుంటే ఈ చిక్కు ఉండదు.

ఫ్లెక్సీ మీద హీరో బొమ్మ మనకు మామూలే. కానీ 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం అనుమతి లేకుండా వాణిజ్యానికి వాడకూడదని ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఏఐతో చేసిన బొమ్మలకూ అవి వర్తిస్తాయి. ప్రాంప్ట్‌లో నటుడి పేరు రాయకపోవడమే క్షేమం.

ఫోటో కింద రాసే ఒక వాక్యం

ఇన్ని జాగ్రత్తలు ఎందుకు పడాల్సి వస్తోంది? యంత్రం చదువుకున్న కోట్ల జతల్లో మన వస్తువుల పేర్లు పలచగా ఉన్నాయి కాబట్టి. లయాన్ వంటి సేకరణలు వెబ్ పేజీల్లో ఫోటోకు అనుబంధంగా రాసి ఉన్న వాక్యాన్ని ఏరుకుని తయారైనవి. ప్రొద్దుటూరు దుకాణం తన కాసులపేరు ఫోటోను కెమెరా ఇచ్చిన నాలుగంకెల పేరుతోనే వెబ్‌సైటులో పెడితే యంత్రం దాన్నుంచి ఏమీ నేర్చుకోదు. "బంగారు కాసులపేరు, లక్ష్మీ కాసులు, రెండు వరసలు, ప్రొద్దుటూరు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెడితే, అది రేపటి నమూనాకు పాఠం కాగల జత. ఈ రోజు కొనేవాడు వెతుక్కోవడానికీ అదే వాక్యం పనికొస్తుంది. చీనీ రైతు సంఘం పెట్టే పండ్ల ఫోటోకైనా, నేతగాడు పెట్టే అంచు ఫోటోకైనా ఇదే మాట. ప్రాంప్ట్ రాయడంలో చెయ్యి తిరిగినవాళ్లకు ఈ వాక్యం రాయడం కష్టమేమీ కాదు. కావలసిన పని రెండింటికీ ఒకటే, కంటికి కనిపించేదాన్ని పేరుతో, లెక్కతో రాయడం.